జారుముడి, పీటముడి

మార్చి 3

ఇంట్లో నోరు విప్పడానికి లేదు, అమ్మ వింటుంది. షాపులో విప్పితే చెక్కుడు బాబాయి వింటాడు, విని ఊరుకోడు, సలహా ఇస్తాడు. ఉంగరాల మీద పేర్లు చెక్కీ చెక్కీ, లోకంలో ఏ బాధనైనా రెండు మాటల్లో చెక్కేసి పంపించెయ్యొచ్చని ఆయన నమ్మకం. అందుకని ఇందులో రాసుకుంటున్నాను. ఇది సలహాలివ్వదు.

ఓడ మునిగి రెండు నెలలు దాటింది. గాలివానకి ఒక పక్కకి ఒరిగి మునిగిపోయిందట. కొందరు దొరికారు. అందులో పనిచేసే మా తమ్ముడు, మా చిన్నోడు, దొరకనివాళ్ళలో ఉన్నాడు. ఓడ కంపెనీ మనిషికి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట: "ఇంకా ఏ కబురూ లేదమ్మా." మొదట్లో ఆ మాట వినగానే ఫోన్ పెట్టేసేదాన్ని. ఇప్పుడు ఆ మాట కోసమే ఫోన్ చేస్తున్నాను. ఏ కబురూ లేదంటే చెడ్డ కబురూ లేదనేగా.

నాకేమీ తెలియక కాదు. నలభై దాటాయి, సముద్రం ఎలాంటిదో తెలుసు. ఇదంతా అమ్మ కోసం. ఆవిడ ఎదురుచూస్తోంది కాబట్టి నేనూ ఎదురుచూస్తున్నట్టు ఉంటున్నాను. ఒక్కతే ఎదురుచూస్తే మనిషి ఏమైపోతుంది?

మార్చి 5

షాపులో ఊపిరాడలేదు. టెలిగ్రాములు పోయి ఎన్నాళ్ళో అయింది గానీ ఆ టకటకల భాష ఇప్పుడు జనం చేతులకెక్కింది. మోర్స్ కోడ్‌లో పేరు. చుక్కకి గుండ్రటి పూస, గీతకి గొట్టం పూస, అక్షరానికీ అక్షరానికీ మధ్య చిన్న గాజుపూస. మైనపు దారం మీద ఎక్కించి మణికట్టుకి కడతాం. అందరికీ కనపడేలా కట్టుకోవాలి, ఎవరికీ అర్థం కాకూడదు. మనుషులకి ఇదేం సరదానో నాకిప్పటికీ తెలీదు, కానీ నా కూడు మాత్రం దానిమీదే.

ఒక లావుపాటి మనిషి భార్య పేరు కట్టించుకోవడానికి వచ్చాడు. షాపు పద్ధతి ప్రకారం అడిగాను: "ఉన్నవాళ్ళకా, పోయినవాళ్ళకా?"

"ఉందండీ, దుక్కలా ఉంది. బయట కార్లో కూచుని హారన్ కొడుతోంది, వినపడట్లేదా?" అన్నాడు.

చెక్కుడు బాబాయి నవ్వి నవ్వి చేతిలో ఉంగరం కింద పడేసుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. పదకొండేళ్ళుగా రోజూ అడుగుతున్న ప్రశ్న ఈ రోజెందుకో ఎవరో నన్నే అడిగినట్టుంది.

ఆ పద్ధతి మా ఓనరమ్మ పెట్టింది. ఉన్నవాళ్ళ పేరైతే జారుముడి. లాగితే వదులవుతుంది, తీసి దాచుకోవచ్చు, అలకొచ్చిన రోజు విసిరికొట్టొచ్చు. పోయినవాళ్ళ పేరైతే పీటముడి. మనిషిని కూచోబెట్టి చేతికే కట్టి, కొసలు లైటర్‌తో కాల్చేస్తాం. తియ్యాలంటే కత్తెర పడాల్సిందే. పీటముడి ఎవరికి వాళ్ళు కట్టుకోలేరు, ఒంటిచేత్తో పడదు అది. "అందుకే ఆ ముడి పెట్టా. పోయినవాళ్ళ పేరు పక్కన ఇంకో మనిషి లేకుండా కట్టుకోకూడదు" అంటుంది ఓనరమ్మ. ఆవిడ మాటలు ఇలాగే ఉంటాయి, జీతాలు మాత్రం ఇంకో రకంగా ఉంటాయి.

మార్చి 8

అన్నాల దగ్గర అమ్మ మళ్ళీ అదే మాట.

"యూనుస్ అని ఊరికే పెట్టామా? చేప కడుపులోకి పోయి కూడా ప్రాణాలతో ఒడ్డునపడ్డ ప్రవక్త పేరే అది. ఆ పేరున్నవాణ్ణి నీళ్ళేం చేస్తాయి?"

"ఏమీ చెయ్యవమ్మా" అన్నాను.

మరదలు కంచం తీసింది. లేచి వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం నేను చూశాను. తమ్ముడి పెళ్ళాం కదా అని ఊరుకున్నాను గానీ, అమ్మ అంత ఆశగా మాట్లాడుతుంటే ఒక్క 'అవును' అంటే దీని సొమ్మేం పోతుంది?

ఈ పని నేను నేర్చుకుంది వాడి పేరుతోనే. ఓనరమ్మ కోడ్ కాగితం ఇచ్చి, ఇంట్లో ఎవరి పేరైనా కట్టుకురా అంది. ఇంగ్లీషు అక్షరాలు ఐదు. గొట్టం, గుండు, గొట్టం, గొట్టం, అది మొదటక్షరం. చివరిది మూడు గుండ్రటి పూసలు. ఏదో చెప్పబోయి ఆపేసినప్పుడు రాతలో మూడు చుక్కలు పెడతామే, అలాగుంటుంది వాడి పేరు చివర.

కడితే వాడు పడీపడీ నవ్వాడు. "అక్కా, ఓడల్లో ఇప్పుడు దీన్ని ఎవడూ వాడట్లేదే. అంతా శాటిలైట్ ఫోన్లు. నేను మునిగిపోతూ చెయ్యి పైకెత్తి చూపిస్తే చదివే దిక్కు కూడా ఉండదు." నవ్వాడే గానీ తియ్యలేదు. దారం పాతబడిందని సెలవుకి వచ్చినప్పుడల్లా నాచేతే మార్పించుకునేవాడు.

'మునిగిపోతూ' అనే మాటే అన్నాడు. అప్పుడు ఆ మాటకి ముగ్గురం నవ్వాం.

మార్చి 11

మా వీధి చివర డబ్బా కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన షాపుకొచ్చాడు. భార్య పోయి నెల అయిందట. ఆవిడ పేరు కావాలన్నాడు. ఇంక అడిగేదేముంది అని పూసలు ఏరుతున్నాను, వెనకనుంచి ఓనరమ్మ దగ్గింది. పద్ధతి పద్ధతే. అడిగాను.

"పోయినవాళ్ళకే అమ్మా" అని నా చేతిలో పూసల వంక చూస్తూ, "ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి" అన్నాడు.

చెయ్యి చాపాడు. గోళ్ళ సందుల్లో ఇనుప రజను. వాళ్ళావిడ ఎప్పుడూ తాళంచెవి ఇంట్లో మర్చిపోయి బయటే నిలబడేదట. "ఊళ్ళో అందరి తాళాలూ తీసేవాణ్ణి, మా ఇంటి తాళం వారానికోసారి పగలగొట్టేవాణ్ణి" అని చెబుతూ నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి. ఆయన చెప్పేది వింటూ కట్టేశాను. పదకొండేళ్ళ చెయ్యి, దానికి కళ్ళతో పనేంటి? కొసలు కాల్చి ఊదాను.

"ఇక ఊడదుగా?" అన్నాడు.

"కత్తెర పడితే తప్ప ఊడదు" అన్నాను.

ఆయన దాన్ని చొక్కా చేతికింద దాచుకుని వెళ్ళాడు. పని చక్కగా చేశానని తృప్తిగా ఉంది. ఇంట్లో ఎలా ఉన్నా నా పని మీద దాని నీడ పడనివ్వలేదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను.

మార్చి 13

ఇంటికొచ్చేసరికి సింకులో టీ గ్లాసులు మూడున్నాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఎవరొచ్చారమ్మా అంటే, "ఎవరో అడ్రసు కనుక్కోడానికి వచ్చాడు, కాలికి కట్టుంది పాపం, కూచోబెట్టి టీ ఇచ్చాం" అంది. అడ్రసు అడిగినవాళ్ళకల్లా టీలు పోస్తే మనం హోటల్ పెట్టుకోవచ్చు అన్నాను. అమ్మ నవ్వలేదు. మరదలు తలనొప్పని పడుకుంది.

మార్చి 14

కంపెనీ మనిషి ఈ రోజు ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లేదమ్మా, ఏ కబురూ లేదు" అన్నాడు. జలుబు చేసినట్టుంది గొంతు.

మార్చి 16

ఈ రోజు ఒకావిడ వచ్చి ఏ పేరు అడిగిందో రాయకపోయినా గుర్తుంటుంది. అదే పేరు. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఉన్నవాళ్ళకా, పోయినవాళ్ళకా?" అన్నాను.

"అయ్యో, అవేం మాటలమ్మా! నిన్న కాక మొన్న పుట్టాడు నా మనవడు!" అని ఆవిడ కస్సుమంది. ఓనరమ్మ వచ్చి సర్ది చెప్పింది. పూసలు ఎక్కించాను. వాడి చేతికి కాదుగా, అంత చిన్న చేతికి పూసలు కట్టరు, ఆవిడ చేతికే. జారుముడి వేశాను. బిగించాను, వదులు చేశాను, మళ్ళీ బిగించాను. ఎంత బాగా జారిందో! ఆవిడ, "చాల్లేమ్మా, బాగానే ఉంది" అనేదాకా ఆడిస్తూనే ఉన్నాను.

రోజంతా మనసు తేలిగ్గా ఉంది. ఆ పేరుతో ఒకడు ఊపిరి పీలుస్తున్నాడు ఎక్కడో.

మార్చి 18

స్కూల్లో పాఠాలు చెప్పే ఆవిడ ఒకరు వచ్చి, పోయిన వాళ్ళ నాన్న పేరుతో కిందటి నెల నేను కట్టింది వదులైపోతోందని చూపించింది. దారం తప్పు. ఈమధ్య వస్తున్న మైనపు దారం నాసిరకం, ముట్టుకుంటేనే తెలుస్తోంది. ఓనరమ్మకి చెప్పాను. ఆవిడ దారాన్ని వేళ్ళమధ్య నలిపి చూసి తిరిగి బల్ల మీద పెట్టేసింది. నేనే మళ్ళీ బిగించి పంపాను.

మార్చి 19

దారం మార్చమని మళ్ళీ చెప్పాను.

మార్చి 22

ఒత్తి రాస్తుంటే కాగితం చిరుగుతోంది. కోపంతోనే.

మధ్యాహ్నం ఇంటికొస్తే మరదలు మంచం మీద చిన్నోడి చొక్కాలు మడతపెడుతోంది. మడతపెట్టి సంచిలో సర్దుతోంది. ఎందుకు అంటే, "ఊరికే, దుమ్ము పడుతోందని వదినా" అంది. దుమ్ము పడితే దులపాలి, సంచిలో కట్టెయ్యరు. ఆ మాటే అన్నాను.

అది చేతిలో చొక్కా ఒళ్ళో పెట్టుకుని, "వదినా, నాకూ ఒకటి కట్టవూ, ఆయన పేరు" అంది.

"ఓ, దానికేం, రేపే తెస్తా" అన్నాను. మంచి మాట విన్నందుకు సంబరపడ్డాను కూడా.

"పీటముడి వెయ్యి" అంది.

తర్వాత నేనన్నవన్నీ రాయను. మొగుడు రాకముందే సంచి కట్టేసేదానివి నువ్వేం పెళ్ళానివి అన్నాను. ఇంకా అన్నాను. అమ్మ ఏమవుతుందో ఆలోచించావా, ఆవిడ ప్రాణం ఆ ఒక్క ఆశ మీదే నిలబడిందని తెలీదా అన్నాను. మరదలు నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపులో తప్పు చేసినట్టు లేదు, నా మీద జాలి ఉన్నట్టుంది. అదే నా ఒళ్ళు మండించింది.

అమ్మ వంటగదిలో ఉంది. వినపడలేదనుకుంటాను. వినపడి ఉంటే ఈపాటికి మంచం పట్టేది.

మార్చి 23

మాటల్లేవు.

మార్చి 24

మాటల్లేవు. కూర మాత్రం నా వాటా తీసి మూత పెట్టి ఉంచింది. తినకూడదనుకున్నాను, తిన్నాను.

మార్చి 30

ఒకటి గమనించాను. అమ్మ ఈమధ్య ఫోన్ వచ్చిందా అని అడగడం లేదు. చేప మాట కూడా నేను ఎత్తితేనే ఎత్తుతోంది. నేను దిగులుగా కనపడితే వెంటనే, "వస్తాడులేవే, ఆ పేరు ఊరికే పోదు" అంటుంది. నన్ను ఓదారుస్తున్నట్టు! నేనేదో ఆశ పెట్టుకున్నదాన్నయినట్టు!

ఆవిడ బలహీనపడుతోందని నా భయం. నేను ఇంకాస్త గట్టిగా నమ్మినట్టుండాలి.

ఏప్రిల్ 2

తాళాలాయన వచ్చాడు. చేతికి ఏమీ లేదు.

"పోయిందమ్మా" అన్నాడు. పొద్దున్నే వీధి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే సబ్బుకి జారి కాలవలో పడిందట. కాలవలో చెయ్యిపెట్టి వెతికాడట. ఇంకో ఇద్దరు కూడా వెతికారట. చొక్కా మోచేతిదాకా తడిసి ఉంది, బురదగా ఉంది.

నన్ను తిట్టాడా అంటే అదీ లేదు. "నేనే సరిగ్గా చూసుకోలేదు. మా ఆవిడ సంగతీ ఎప్పుడూ అంతే, నేనే చూసుకోలేదు" అంటున్నాడు. ఆయన తిడితే బాగుండేది.

"దారం మంచిది కాదండీ" అన్నాను.

ఓనరమ్మ ఆయన్ని కూచోబెట్టి నీళ్ళిచ్చి, మళ్ళీ కట్టిస్తానని చెప్పి పంపింది. తర్వాత, ఈమధ్య నేను పీటముడి కట్టినవాళ్ళలో తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసింది. సాయంత్రానికి కొందరొచ్చారు. పాఠాలు చెప్పే ఆవిడ వచ్చింది. ఓనరమ్మ ఒక్కొక్కరి చెయ్యీ తన ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. లాగితే లాగినట్టు వదులైంది. అందరివీ.

పోయినవాళ్ళ పేర్లు. అన్నీ జారుముళ్ళు.

చెక్కుడు బాబాయి తల ఎత్తలేదు. సలహా కూడా ఇవ్వలేదు.

ఏప్రిల్ 3

షాపు తీసీ తియ్యకముందే ఓనరమ్మ నన్ను లోపలి గదిలో కూచోబెట్టింది. తన చెయ్యి చాపి, దారం నా చేతిలో పెట్టింది.

"అమ్మాయ్, పీటముడి వెయ్యి."

"అమ్మగారూ, నాకు పీటముడి రాదనుకుంటున్నారా? మీ కొత్త పిల్లలకి నేర్పింది ఎవరు?"

"నువ్వే. అందుకే వెయ్యమంటున్నా."

వేశాను. ఆవిడ లాగింది. జారింది.

"దారం..." అన్నాను. ఆవిడ సొరుగులోంచి పాత దారం కండె తీసింది, కిందటేడాది మిగిలింది. వేశాను. ఈసారి కళ్ళార్పకుండా నా వేళ్ళనే చూస్తూ వేశాను. ఎడమ కొస మీద నుంచి రావాలని తెలుసు. రెండో చుట్టు దగ్గర ఆగాలని తెలుసు. నోటితో చెప్పుకుంటూ కూడా వేశాను. నోరు ఒకటి చెబుతోంది, వేళ్ళు కింద నుంచి వెళ్ళి ఇంకోటి చేస్తున్నాయి. నా వేళ్ళే, నా కళ్ళ ముందే. ఆవిడ లాగింది. జారింది.

మళ్ళీ వేశాను. మళ్ళీ జారింది.

"మీ తమ్ముడి కబురు తెలిసిన రోజు నుంచీ నువ్వు పీటముడి ఒక్కటంటే ఒక్కటి కట్టలేదు" అంది ఓనరమ్మ.

"నేను అమ్మ కోసం..." అని ఆగిపోయాను. అమ్మ కోసం అయితే వాళ్ళందరి చేతులకీ ఎందుకు కడతాను? తాళాలాయన భార్యకీ మా అమ్మకీ ఏంటి సంబంధం?

ఆవిడ నా చేతుల్లోంచి దారం తీసేసుకుంది. కోప్పడలేదు. వారం రోజులు ఇంట్లో ఉండమంది. "తాళాలాయనకి నేను కట్టనా, నువ్వే కడతావా?" అని అడిగింది. నేనే అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఏప్రిల్ 4

రాయాలి. రాయకపోతే రేపు ఇదంతా నేనే కల్పించుకున్నాననుకుంటాను.

పొద్దున షాపుకి వెళ్ళకుండా కూచుంటే అమ్మ అడిగింది. చెప్పాను. తాళాలాయన సంగతి, పాఠాలు చెప్పే ఆవిడ సంగతి, ఓనరమ్మ చెయ్యి. నవ్వులాటగా చెప్పాలనుకున్నాను. అమ్మ నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి లోపలికెళ్ళి, దిండు గలీబులోంచి ఏదో తీసుకొచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది.

గొట్టం, గుండు, గొట్టం, గొట్టం. చివర మూడు గుండ్రటి పూసలు. దారం ఉప్పుకి తెల్లబారి బిరుసెక్కింది. ముడి నాది. నా ముడి నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఆ రోజు కాలికి కట్టుతో వచ్చాడే, అడ్రసు కోసమని చెప్పానే" అంది అమ్మ. "మనవాడితో కలిసి పనిచేసినతను. ఇన్నాళ్ళూ ఏదో ఊరి ఆసుపత్రిలో పడున్నాడట. లేవగలిగిన రోజే బయల్దేరి మనింటికొచ్చాడు."

ఇద్దరూ ఒకే తెప్ప మీద ఉన్నారట. రెండో రోజు తెల్లారేసరికి చిన్నోడు చలికి చల్లబడిపోయాడట. అతను ఒక పూటంతా పట్టుకునే ఉన్నాడట. అలలు పెద్దవయ్యాక ఇక పట్టుకోలేక నీళ్ళకి వదిలేశాడట.

"వదిలేముందు ఏదో ఒకటి మనకి చేర్చాలని చూశాడట. ఉంగరం రాలేదట, వేళ్ళు వాచిపోయి. ఇదొక్కటి లాగితే వచ్చేసిందట" అంది. "నువ్వు వేసిన ముడి కాబట్టి వచ్చిందే."

"మరి నువ్వు, చేప అనీ, పేరనీ..."

"నా మొహం చూసుకునేగా నువ్వు రోజూ లేచి పనికెళ్తున్నావు. నేను కూలబడితే నువ్వు ఏమైపోతావో అని భయమేసిందే." అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఆ కంపెనీ అబ్బాయికి కూడా నేనే చెప్పా. మా పెద్దది ఫోన్ చేస్తే ఇంకొన్నాళ్ళు అలాగే చెప్పు నాయనా అని. పాపం, నాకు అబద్ధాలు రావు పెద్దమ్మా అన్నాడు."

మరదలు తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేను చెప్పేద్దామనే అన్నాను వదినా. అత్తయ్య వద్దన్నారు. అందుకే ఆ రోజు ముడి మాట ఎత్తా. అప్పుడైనా ఎందుకని అడుగుతావేమో, చెప్పేద్దామని."

నేను అడగలేదు. నువ్వేం పెళ్ళానివి అన్నాను.

ముందు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. మూడు వారాలు ఇద్దరూ కలిసి నన్ను పసిదాన్ని ఆడించినట్టు ఆడించారని అరిచాను. అరుస్తుంటేనే తెలుస్తోంది, ఆడించింది వాళ్ళు కాదని. నేనే. ఇందులో రాసుకున్నదంతా ఇప్పుడు మొదటి నుంచి చదివాను. అమ్మ కోసం, అమ్మ కోసం, అమ్మ కోసం. ఎవర్ని నమ్మించడానికి రాశాను, చదివేది నేనొక్కదాన్నే అయితే?

తర్వాత ఏడ్చాను. పూసలు చేతిలోనే ఉన్నాయి.

ఏప్రిల్ 6

లేదు.

ఏప్రిల్ 7

వాడు లేడు. నిన్న సగమే రాయగలిగాను.

ఏప్రిల్ 10

రేపు షాపుకి వెళ్ళాలి. తాళాలాయన వస్తానన్నాడు.

మధ్యాహ్నం పాత దారం కత్తెరతో కోసేసి, పూసలు మంచినీళ్ళలో కడిగాను. గొట్టాల్లో ఉప్పు గడ్డకట్టి ఉంది, సూదితో తీశాను. కొత్త దారం మీద వాటినే అదే వరసలో ఎక్కించాను. ఇవి మరదలికి. నాకు షాపు నుంచి తెచ్చిన పూసలతో ఇంకోటి ఎక్కించుకున్నాను. అమ్మా నీకు అంటే, "నాకెందుకే, నాకు ఆ పేరు నోట్లోనే ఉంది" అంది.

వంటింటి బల్ల దగ్గర కూచున్నాం. మరదలు చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో ఇన్నాళ్ళూ చూడనేలేదు. "ఆ రోజు అన్న మాటలు..." అని మొదలుపెట్టాను. "తెలుసులే వదినా, కట్టు" అంది.

కట్టాను. లాగాను. జారింది.

విప్పి మళ్ళీ కట్టాను. జారింది. అన్నీ తెలిసి, అంత ఏడ్చి కూడా ఇంకా జారుతుందేమిటి? నుదురు బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. రేపు ఆ మనిషికి ఏ మొహం పెట్టుకుని కడతాను?

మరదలు తన పూసలు బల్ల మీద పెట్టేసి, నావి తీసుకుంది. "ముందు నీకు నేను కడతా. ఎలాగో నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. ఎడమ కొస మీద నుంచి. కింద నుంచి కాదు, మీద నుంచి. రెండో చుట్టు దగ్గర ఆగు. దానికి అలవాటు లేని పని, నాలిక పంటి కింద పెట్టుకుని కడుతోంది. రెండో చుట్టు దగ్గర ఆగింది. బిగించకుండా తలెత్తి నన్ను చూసింది.

"మీ షాపులో ఏదో అడుగుతారుగా వదినా. అడక్కుండా కట్టకూడదనేదానివి."

"ఇప్పుడెందుకే అది?"

అయినా అడిగింది. మెల్లగా అడిగింది, మా ఓనరమ్మ అడిగించినట్టే.

"ఉన్నవాళ్ళకా, పోయినవాళ్ళకా?"

అమ్మ పొయ్యి దగ్గర మాకు వీపు చేసి నిలబడి ఉంది. గరిట తిప్పడం ఆపేసింది.

"పోయినవాళ్ళకి" అన్నాను. "మా తమ్ముడికి. యూనుస్‌కి."

మరదలు బిగించింది. లైటర్ వెలిగించి కొసలు కాల్చింది, చర్మానికి వేడి తగిలింది. ముడి కొంచెం వంకరగా వచ్చింది. లాగి చూశాను, కదల్లేదు.

అప్పుడు తన చెయ్యి చాపింది. ఎడమ కొస మీద నుంచి తెచ్చాను. రెండో చుట్టు దగ్గర ఆగాను. బిగించాను. కొసలు కాల్చి ఊదాను. తనే లాగి చూసుకుంది, మళ్ళీ గట్టిగా లాగింది.

"కత్తెర పడాల్సిందే వదినా" అంది.